కొలిచింది ఆస్పరాజినేజ్‌నా, అమ్మోనియానా?

ప్రశ్న: పీజీ ప్రాజెక్టులో భాగంగా మట్టి నుంచి వేరుచేసిన ఒక బ్యాక్టీరియాలో ఎల్-ఆస్పరాజినేజ్ (ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం నుంచి అమ్మోనియాను తెంచే ఎంజైమ్) కొలుస్తున్నాను. లీటరుకు 5 గ్రాముల ఆస్పరాజిన్ ఉన్న మీడియంలో పెంచాను. ఫినాల్ రెడ్ ప్లేటు మీద కాలనీ చుట్టూ చక్కగా గులాబీ వలయం వచ్చింది. నెస్లర్ పద్ధతిలో (అమ్మోనియాతో రంగు ఇచ్చే పాదరసపు రీఏజెంట్‌తో) కల్చర్ ద్రవానికి మి.లీ.కు 0.8 యూనిట్లు వచ్చాయి. అందులో అమ్మోనియం సల్ఫేటును 80 శాతం సంతృప్తత వరకు కలిపి, అడుగున దిగిన ముద్దను 5 మి.లీ. బఫర్‌లో కరిగించి, 50 మి.లీ. బఫర్‌లో రెండు గంటలు డయాలిసిస్ చేశాక (ఉప్పు బయటికి పోయేలా సన్న రంధ్రాల సంచిలో ఉంచాక) కొలిస్తే 6.4 వచ్చింది. ఓడీ (రంగు గాఢత రీడింగు) స్కేలు దాటిపోతుంటే, చర్యను ఆపే టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం) వేసిన తర్వాతి ద్రవాన్ని పది రెట్లు పలుచన చేసి చదివాను. బ్లాంకులో (తీసివేత కోసం పక్కన పెట్టే గొట్టంలో) ఎంజైమ్ బదులు బఫర్ వేశాను. కానీ 10 నిమిషాలకూ 30 నిమిషాలకూ రీడింగు దాదాపు ఒకటే వస్తోంది. ఎంజైమ్ శుద్ధి అయినట్టేనా? 30 నిమిషాల లెక్కే థీసిస్‌లో రాసుకోవచ్చా?

సమాధానం: రాసుకోవద్దు. ఆ 6.4 యూనిట్లు మీ గొట్టంలో వచ్చే వీలే లేదు. ఇది అభిప్రాయం కాదు, కూడికలూ గుణకారాలూ చెప్పే మాట.

మీరు వాడింది చాలా ల్యాబుల్లో నడిచే కొలతలే అనుకుంటున్నాం: 0.04 మోలార్ ఆస్పరాజిన్ 0.5 మి.లీ., 0.05 మోలార్ ట్రిస్ బఫర్ (పీహెచ్ 8.6) 0.5 మి.లీ., నీళ్లు 0.5 మి.లీ., ఎంజైమ్ 0.5 మి.లీ. 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, 1.5 మోలార్ టీసీఏ 0.5 మి.లీ. వేసి ఆపడం. ఈ గొట్టంలో మొత్తం ఆస్పరాజిన్ ఎంత? 40 మిల్లీమోలార్ ద్రావణం అర మి.లీ. అంటే 20 మైక్రోమోల్‌లు. ఒక్కో అణువు నుంచి ఆస్పరాజినేజ్ తెంచేది ఒక్క అమ్మోనియానే. అంటే చిట్టచివరి అణువు వరకు తినేసినా వచ్చేది 20 మైక్రోమోల్‌ల అమ్మోనియా. యూనిట్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్ కాబట్టి, దాన్ని 30 నిమిషాలతో, 0.5 మి.లీ.తో భాగిస్తే మి.లీ.కు 1.33 యూనిట్లు. పలుచన చేయని ఎంజైమ్‌తో ఈ పద్ధతిలో రాగల గరిష్ఠ విలువ అదే. మీ 6.4 రావాలంటే గొట్టంలో 96 మైక్రోమోల్‌ల అమ్మోనియా పుట్టాలి. ముడి నమూనాల్లో ఆస్పార్టేజ్ అనే ఇంకో ఎంజైమ్ కూడా ఉండొచ్చు, అది మిగిలిన ఆస్పార్టిక్ ఆమ్లాన్ని కూడా విరగ్గొట్టి రెండో అమ్మోనియాను వదులుతుంది. దాన్నీ కలుపుకున్నా 40 దాటదు. మిగతాదంతా ఎంజైమ్‌తో పాటు మీరే గొట్టంలో పోసిన అమ్మోనియం.

అది ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. 80 శాతం సంతృప్త అమ్మోనియం సల్ఫేటు చల్లటి ద్రవంలో 3 మోలార్‌కు పైమాటే. ఒక్కో సల్ఫేటు అణువుకు రెండు అమ్మోనియంలు కాబట్టి అమ్మోనియం 6 మోలార్ దాటుతుంది. సెంట్రిఫ్యూజ్ తర్వాత పైద్రవం వంచేసినా ముద్దలోనూ గొట్టం గోడల మీదా ఒక అర మి.లీ. మిగలడం మామూలే. దాన్ని 5 మి.లీ.లో కరిగిస్తే అమ్మోనియం 600 మిల్లీమోలార్‌కు పైన ఉంటుంది. 50 మి.లీ. బఫర్‌లో డయాలిసిస్ పూర్తిగా సమతాస్థితికి చేరినా తగ్గేది 11 రెట్లే, ఇంకా 55 దాకా మిగులుతుంది. రెండు గంటల్లో అక్కడిదాకా కూడా చేరదు. ఆ 55 మిల్లీమోలార్ ఒక్కటే, ఎంజైమ్ ఏమాత్రం లేకపోయినా, మీ సూత్రంలో పెడితే దాదాపు 1.8 యూనిట్లుగా కనిపిస్తుంది.

మీ బ్లాంకు దీన్ని ఎందుకు పట్టుకోలేదంటే, అందులో ఎంజైమ్ నమూనా లేదు కాబట్టి. బఫర్, ఆస్పరాజిన్ మాత్రమే ఉన్న బ్లాంకు ఆస్పరాజిన్ దానంతటదే విడగొట్టుకున్న అమ్మోనియాను తీసివేస్తుంది, అంతవరకే. నమూనా మోసుకొచ్చిన అమ్మోనియాను తీసివేయాలంటే ప్రతి నమూనాకూ దాని సొంత సున్నా-సమయపు బ్లాంకు ఉండాలి: అవే పరిమాణాలు, అదే ఎంజైమ్, కాకపోతే టీసీఏ ముందు, ఎంజైమ్ తర్వాత. టీసీఏ పడ్డాక ఎంజైమ్ పనిచేయదు, నమూనాలోని అమ్మోనియం మాత్రం అలాగే లెక్కలోకి వస్తుంది. ఈ బ్లాంకును కూడా మిగతావాటితో పాటే 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచండి.

ఉడికించిన ఎంజైమ్‌ను బ్లాంకుగా వాడమని కొన్నిచోట్ల చెబుతారు. మేం చెప్పం. ఉడికించేటప్పుడు ప్రొటీన్లలోని ఆస్పరాజిన్, గ్లుటమిన్ భాగాల నుంచి కూడా కొంత అమ్మోనియా ఊడుతుంది, ఉన్న అమ్మోనియాలో కొంత ఆవిరితో పోతుంది. పైగా కొన్ని బ్యాక్టీరియాల ఆస్పరాజినేజ్‌లు వేడికి తట్టుకుంటాయి. మూడూ కలిసి బ్లాంకు ఎటు తప్పిందో కూడా తెలియనివ్వవు.

అసలు మీ చేతిలోనే ఉన్న గట్టి ఆధారం 10, 30 నిమిషాల రీడింగులు ఒకటే కావడం. బకెట్లో ముందే నీళ్లుంటే, నీటిమట్టం ఒక్కసారి చూసి కొళాయి ఎంత ధారగా వస్తోందో చెప్పలేం. రెండుసార్లు చూసి తేడా తీసుకోవాలి. ఎంజైమ్ యూనిట్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్, అంటే వేగం. కాబట్టి ఏ నమూనాకైనా మొదటిసారి 0, 5, 10, 20, 30 నిమిషాలకు విడివిడి గొట్టాలు పెట్టి గీత గీయండి. గీత సరళంగా పైకి వెళ్తే దాని వాలే మీ యాక్టివిటీ. సున్నా దగ్గరే ఎత్తుగా మొదలై అడ్డంగా సాగితే అది నేపథ్య అమ్మోనియం. మొదట లేచి మధ్యలో వంగితే ఆస్పరాజిన్ అయిపోతోందనో, ఎంజైమ్ చచ్చిపోతోందనో అర్థం. ఆ చివరి రెంటినీ విడదీయడానికి ఎంజైమ్‌ను సగానికి తగ్గించి మళ్లీ చేయండి. వంపు అదే సమయంలో వస్తే ఎంజైమ్ చచ్చిపోతోంది, ఆలస్యంగా వస్తే ఆస్పరాజిన్ అయిపోతోంది.

పలుచన విషయంలో కూడా ఇదే చిక్కు. టీసీఏ తర్వాతి ద్రవాన్ని పది రెట్లు పలుచన చేస్తే రంగు స్కేల్లోకి వస్తుంది గానీ, గొట్టంలో అప్పటికే అయిపోయిన ఆస్పరాజిన్ తిరిగి రాదు. పలుచన చేయాల్సింది ఎంజైమ్‌ను, అదీ చర్యకు ముందు. బ్లాంకు పోను 30 నిమిషాల్లో గొట్టానికి 2.5 నుంచి 10 మైక్రోమోల్‌ల మధ్య అమ్మోనియా వచ్చేలా పలుచన ఎంచుకోండి. ఎంజైమ్ సగం వేస్తే అమ్మోనియా సగం రావాలి. అలా రాని నమూనా ఏదీ నమ్మదగింది కాదు.

ఇక కల్చర్ ద్రవానికి వచ్చిన 0.8. అదైనా నిజమేనా అంటే అనుమానమే. లీటరుకు 5 గ్రాముల ఆస్పరాజిన్ అంటే సుమారు 35 మిల్లీమోలార్. బ్యాక్టీరియా పెరుగుతూ అందులో సగాన్ని విరగ్గొట్టి ఉంటే, ఆ అమ్మోనియం కల్చర్ ద్రవంలోనే పోగుపడి ఉంటుంది. మీ సూత్రంలో దాని విలువ 0.5 యూనిట్ల పైచిలుకు. ఎంజైమ్ ఎంత బాగా పనిచేసే బ్యాక్టీరియా అయితే ఈ నేపథ్యం అంత ఎక్కువ, అదే ఇందులో తమాషా. కాబట్టి కల్చర్ ద్రవాన్ని కూడా డయాలిసిస్ చేయకుండా కొలవొద్దు.

ఇంకో సంగతి, ఎంజైమ్ అసలు ఆ ద్రవంలో ఉందా? ఈ.కొలైలో ఆస్పరాజినేజ్‌లు రెండు. వైద్యంలో వాడే రెండో రకం కణం లోపలి, బయటి పొరల మధ్య ఖాళీలో ఉంటుంది, ఆస్పరాజిన్‌ను మైక్రోమోలార్ స్థాయిలో కూడా పట్టుకుంటుంది. మొదటి రకం కణద్రవంలో ఉంటుంది, దానికి మిల్లీమోలార్ స్థాయి కావాలి. మీ బ్యాక్టీరియా సంగతి తెలియదు కాబట్టి మూడు భాగాలూ చూడండి. కల్చర్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి పైద్రవం విడిగా ఉంచండి. కణాలను చల్లటి బఫర్‌తో రెండుసార్లు కడగండి. అది గ్రామ్ నెగటివ్ అయితే వాటిని 20 శాతం సుక్రోజ్, 30 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 8), 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న ద్రావణంలో 10 నిమిషాలు కలిపి, మళ్లీ దించి, ముద్దను ఐసు చల్లదనంలో ఉన్న 5 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేటులో ఒక్కసారిగా కదిపి 10 నిమిషాలు ఉంచండి. పొరల మధ్య ఉన్న ఎంజైమ్ ఈ ద్రవంలోకి వస్తుంది. మిగిలిన కణాలను సోనికేటర్‌తో పగలగొడితే లోపలిది. మొత్తం యూనిట్లలో ఏ భాగానికి ఎంత వాటా వచ్చిందో చూశాకే శుద్ధి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చుకోండి. మీడియంలో గ్లూకోజ్ ఉంటే ఒకసారి లేకుండా కూడా పెంచి చూడండి. ఈ.కొలైలో రెండో రకం ఎంజైమ్ గ్లూకోజ్ సమక్షంలో అణిగిపోతుంది, గాలి అందనప్పుడు బాగా పెరుగుతుంది. జోరుగా షేక్ చేసిన ఫ్లాస్కులో ఏమీ కనిపించకపోతే బ్యాక్టీరియాను పారేయకండి.

డయాలిసిస్ ఎలా ఉండాలంటే: 12-14 కిలోడాల్టన్‌ల సంచిలో 5 మి.లీ. నమూనా, ఒక లీటరు బఫర్, 4 డిగ్రీలు, అయస్కాంతపు కడ్డీతో నెమ్మదిగా తిప్పుతూ. నాలుగేసి గంటలకు రెండుసార్లు బఫర్ మార్చి, మూడోది రాత్రంతా. ఒక్కో మార్పుకు 200 రెట్లు తగ్గుతుంది కాబట్టి 600 మిల్లీమోలార్ కాస్తా 3కు, తర్వాత 0.015కు దిగుతుంది. మూడో మార్పు భద్రత కోసం. సంచిలో మూడోవంతు ఖాళీ వదలండి. ఉప్పు ఎక్కువున్న నమూనా నీళ్లు లాక్కుని ఉబ్బుతుంది, నిండుగా కట్టిన సంచి పిగిలిపోతుంది. అయిందో లేదో తెలుసుకోవడం తేలిక: చివరి బఫర్‌లో 3.8 మి.లీ. తీసుకుని 0.2 మి.లీ. నెస్లర్ వేయండి, పక్కనే వాడని బఫర్‌తో అదే చేయండి. రెంటి రంగులో తేడా లేకపోతే అమ్మోనియం పోయినట్టే. అంత సమయం లేకపోతే సెఫడెక్స్ జీ-25 డీసాల్టింగ్ కాలమ్ పది పదిహేను నిమిషాల్లో అదే పని చేస్తుంది. ఏ దారిలో వెళ్లినా తర్వాతి పరిమాణాన్ని కొలిచి రాసుకోండి. 5 మి.లీ. కాస్తా 7 అయితే మి.లీ.కు యూనిట్లు తగ్గుతాయి, మొత్తం యూనిట్లు తగ్గవు. శుద్ధి పట్టికలో చూడాల్సింది మొత్తం యూనిట్లనే. ముడి నమూనా కంటే తర్వాతి మెట్టులో అవి బాగా పెరిగాయంటే ఎంజైమ్ కొత్తగా పుట్టలేదు, కొలతలో ఏదో తేడా ఉందని అర్థం.

స్టాండర్డ్ గ్రాఫులో రెట్టింపు తప్పు చాలా మామూలు. అమ్మోనియం సల్ఫేటు 0.661 గ్రాములు 100 మి.లీ.లో కరిగిస్తే ఉప్పు 50 మిల్లీమోలార్, కానీ అమ్మోనియం 100. ఇది మర్చిపోతే మీ విలువలన్నీ సగమే వస్తాయి. ఈ ద్రావణం 0.1, 0.2, 0.4, 0.6, 0.8, 1.0 మి.లీ.లు 10 మి.లీ. ఫ్లాస్కుల్లో తీసుకుని, ఒక్కోదానికి టీసీఏ 2 మి.లీ., ట్రిస్ బఫర్ 2 మి.లీ. వేసి నీళ్లతో 10కి నింపండి. అప్పుడు స్టాండర్డ్‌లోనూ నమూనాలో ఉన్నంత ఆమ్లమూ బఫరూ ఉంటాయి. ఒక్కోదాని నుంచి 0.1 మి.లీ. తీస్తే 0.1 నుంచి 1.0 మైక్రోమోల్ దాకా. నమూనాలకూ అంతే: టీసీఏ తర్వాత సెంట్రిఫ్యూజ్ చేసిన ద్రవం 0.1 మి.లీ., నీళ్లు 3.7, నెస్లర్ 0.2, కలిపి సరిగ్గా 10 నిమిషాలకు 450 నానోమీటర్ల దగ్గర చదవాలి. గ్రాఫు నుంచి వచ్చిన మైక్రోమోల్‌లలోంచి బ్లాంకు తీసేసి, 25తో గుణించి, 15తో భాగిస్తే మి.లీ.కు యూనిట్లు. 25 అనేది 2.5 మి.లీ.లో 0.1 తీసినందుకు, 15 అనేది 30 నిమిషాలు గుణించు 0.5 మి.లీ. సమయం మార్చితే 15 కూడా మారుతుంది. దీన్ని స్ప్రెడ్‌షీటులో స్థిరసంఖ్యగా బిగించి పెట్టుకోకండి.

నెస్లర్ మొండిది. మెగ్నీషియం ఉంటే క్షారంలో తెల్లగా విరిగి ఓడీని పెంచుతుంది, పైన చెప్పిన మెగ్నీషియం సల్ఫేటు నమూనాలో ఇది తప్పక గమనించాలి. అలాంటప్పుడు రీఏజెంట్‌కు ముందు కాస్త సోడియం పొటాషియం టార్ట్రేటు వేస్తారు, స్టాండర్డ్‌లకూ వేయాలి. రంగు నిజమో మసకో తేల్చుకోవడానికి అదే గొట్టాన్ని 700 దగ్గర కూడా చదవండి. అక్కడ చెప్పుకోదగ్గ ఓడీ ఉంటే మీరు కొలుస్తున్నది రంగును కాదు, తేలుతున్న మడ్డిని. మెర్కాప్టోఇథనాల్, డీటీటీ లాంటి థయాల్‌లు రీఏజెంట్‌లోని పాదరసాన్ని పట్టేస్తాయి, కాబట్టి కణాలు పగలగొట్టే బఫర్‌లో అవి వద్దు. డీఅయొనైజ్డ్ నీళ్లు తాజాగా పట్టినవి కావాలి. అదే గదిలో ఎవరైనా అమ్మోనియా సీసా తెరిచినా బ్లాంకు పెరుగుతుంది. ఆస్పరాజిన్ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి. సీసా మీద మోనోహైడ్రేట్ అని ఉంటే 100 మి.లీ.కు 0.600 గ్రాములు, అన్‌హైడ్రస్ అయితే 0.528. ట్రిస్ పీహెచ్‌ను 37 డిగ్రీల దగ్గర సరిచేయండి. 25 దగ్గర 8.6 పెట్టింది 37కు వచ్చేసరికి 8.3 దరిదాపులకు దిగుతుంది.

గులాబీ వలయం గురించి. ఫినాల్ రెడ్ చూపించేది క్షారాన్ని, ఆస్పరాజినేజ్‌ను కాదు. పీహెచ్ 6.2 దగ్గర పసుపుగా ఉన్న రంగు 8 దాటితే గులాబీ అవుతుంది, ఆ అమ్మోనియా ఎక్కడి నుంచి వచ్చినా సరే. అందుకే ఆస్పరాజిన్ బదులు సోడియం నైట్రేటు ఉన్న రెండో ప్లేటు, ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్న మూడో ప్లేటు పక్కపక్కన పెట్టండి. మొదటిది మాత్రమే గులాబీ అయితే నమ్మండి. మూడోదీ అయితే ఆస్పార్టేజ్‌ను అనుమానించాలి. ఆస్పరాజిన్‌ను మీడియంతో పాటు ఆటోక్లేవ్ చేసి ఉంటే, కొంత అప్పుడే విడిపోయి ప్లేటు పోయకముందే పీహెచ్ కదిలి ఉంటుంది. దాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో శుద్ధి చేసి, చల్లారిన మీడియంలో కలపండి. గ్లూకోజ్ ఉన్న ప్లేటులో దీనికి ఎదురు జరుగుతుంది: బ్యాక్టీరియా ఆమ్లం వదిలి గులాబీని కప్పేస్తుంది.

ఎన్ని జాగ్రత్తలు పడినా నేపథ్యం తగ్గకపోతే అమ్మోనియాను చూడని పద్ధతికి మారండి. ఆస్పార్టిక్ బీటా-హైడ్రాక్సమేట్‌ను ఆస్పరాజినేజ్ ఆస్పరాజిన్‌లాగే విరగ్గొడుతుంది, కానీ వచ్చేది హైడ్రాక్సిలమీన్. అది 8-హైడ్రాక్సీక్వినోలిన్‌తో ఆకుపచ్చ రంగు ఇస్తుంది, 710 దగ్గర చదవాలి. అమ్మోనియం ఎంతున్నా దీనికి అడ్డం కాదు. గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్‌తో కలిపి 340 దగ్గర ఎన్ఏడీహెచ్ తగ్గుదల చూసే పద్ధతి కూడా మంచిదే, వేగం కళ్లెదుటే కనిపిస్తుంది. కానీ ఆ ఎంజైమ్‌ను అమ్మోనియం సల్ఫేటులో కలిపి కూడా అమ్ముతారు. గ్లిసరాల్‌లో ఉన్నది కొనకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇవన్నీ సరిపడ్డాక, ఆస్పరాజిన్ బదులు అంతే గ్లుటమిన్ పెట్టి ఒకసారి కొలవండి. ఈ.కొలై ఎంజైమ్‌కు కూడా కొద్దిపాటి గ్లుటమినేజ్ గుణం ఉంది, మందుగా వాడినప్పుడు వచ్చే కొన్ని దుష్ఫలితాలకు దాన్ని కారణంగా చూస్తారు. లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా కణాలు ఆస్పరాజిన్‌ను తగినంత తయారుచేసుకోలేవు కాబట్టే ఈ ఎంజైమ్ మందైంది. 1953లో జాన్ కిడ్ గినీపిగ్ సీరం ఎలుకల్లో లింఫోమాను తగ్గిస్తోందని గమనిస్తే, అందుకు కారణం అందులోని ఆస్పరాజినేజ్ అని 1960ల తొలినాళ్లలో జాన్ బ్రూమ్ తేల్చాడు. చికిత్సలో ఉన్నవారి రక్తంలో ఆస్పరాజిన్ కొలవడం ఇప్పటికీ చిక్కే. నమూనా తీశాక కూడా ఎంజైమ్ గొట్టంలో పని ఆపదు, వెంటనే చల్లబరిచి ఆపకపోతే లేనట్టే కనిపిస్తుంది. మీరు టీసీఏ వేయడంలో అర నిమిషం అటూ ఇటూ అయినా 5 నిమిషాల గొట్టంలో పది శాతం తేడా వచ్చేది ఇందుకే. గ్లుటమిన్ కొలిచేటప్పుడు ఎంజైమ్ లేని బ్లాంకు తప్పనిసరి, ఆ ద్రావణం ఆస్పరాజిన్ కంటే త్వరగా దానంతటదే అమ్మోనియా వదులుతుంది.

నెస్లర్ కలిపిన ద్రవాలు, వాడిన క్యూవెట్ల మొదటి కడుగునీళ్లు సింకులో పోయకండి. అందులో పాదరసం ఉంటుంది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, ‘పాదరసం, క్షారం’ అని రాసిపెట్టి, సంస్థలో రసాయన వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. డయాలిసిస్ అయిందో లేదో చూడటానికి నెస్లర్ కలిపిన బఫరూ అందులోకే.